బాబాయి చేయించిన రిపేరు

మొన్న ఉదయం మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో బాబాయి ఒక పాత ఫొటో పెట్టాడు. మాచర్లలో ఎవరిదో పెళ్లిపందిట్లో దిగింది. ఎడమచెయ్యి పొట్టకు అడ్డంగా పెట్టుకుని, మణికట్టు మీది వాచీ కెమెరాకు కనపడేలా నిలబడ్డాడు. కింద 'అన్నయ్య ప్రేమతో ఇచ్చిన గుర్తు' అని రాశాడు. కాసేపట్లో గ్రూపంతా దండాల బొమ్మలతో నిండిపోయింది. నేను మాత్రం పెట్టలేదు. ఆ వాచీ ఇప్పుడు నా చేతికుంది. దాన్ని ఆయనకు ఎవరూ, ఏ ప్రేమతోనూ ఇవ్వలేదు.

మా నాన్న నడికుడిలో రైల్వే ఉద్యోగి. సొంత ముచ్చట కోసం ఆయన కొనుక్కున్న వస్తువు ఆ ఆటోమేటిక్ వాచీ ఒక్కటే. దానికి బ్యాటరీ ఉండదు. లోపల అర్ధచంద్రంలాంటి బిళ్ల ఒకటి, చెయ్యి కదిలినప్పుడల్లా తిరిగి స్ప్రింగును చుడుతుంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ నాన్న ఇది విప్పిచెప్పి, వాచీని చెవి దగ్గర పెట్టి వినిపించేవాడు. పక్షవాతంతో ఆయన ఎడమపక్క పడిపోయింది. మూడోరోజుకల్లా ఆ చేతి మీదే వాచీ ఆగిపోయింది. పలకరించడానికి వచ్చిన బాబాయి దాన్ని చూసి, "మిషను పోయిందే అమ్మాయ్, నేను బాగుచేయించుకొస్తాలే" అంటూ విప్పి జేబులో వేసుకున్నాడు. నాన్న ఏదో చెప్పబోయాడు గానీ మాట తిరగలేదు. మా బాబాయి జన్మలో ఏ పనికీ వేళకు వెళ్లి ఎరగడు, భోజనాలకు తప్ప. అలాంటివాడికి వాచీ ఎందుకో నాకు తోచలేదు.

కొన్నాళ్లకు నాన్నకు మాట కాస్త వచ్చింది. "దానికేం కాలేదే. చేత్తో నాలుగుసార్లు ఊపితే చాలు, తెమ్మను" అన్నాడు. ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. బాబాయి నవ్వాడు. "మంచాన పడ్డ మనిషికి మిషన్ల సంగతి ఏం తెలుస్తదే?" అన్నాడు. తర్వాత ఒక పెళ్లిలో వాచీ ఆయన చేతికే కనిపించింది. అడిగితే, ఏమాత్రం తడుముకోకుండా, "ట్రయల్ చూస్తన్నా. రిపేరైందో లేదో పెట్టుకుంటేగా తెలిసేది!" అన్నాడు. ఆ ట్రయల్ రెండేళ్లు నడిచింది. ఆ రెండేళ్లకు నాన్న పోయాడు, ట్రయల్ మాత్రం ఆగలేదు. ఆయన పోయి ఏడాది తిరిగాక, వాచీ నిజంగానే మూలపడ్డాక, బాబాయి దాన్ని చేతిరుమాల్లో చుట్టి తెచ్చి, "ఇంక పన్జేయదులే. గుర్తుగా నువ్వుంచుకో" అని నా ఒళ్లో పెట్టాడు. కాఫీ తాగి, ఇంకో కాఫీ అడిగి తాగి మరీ వెళ్లాడు.

నేను టీచరుగా రిటైరయ్యాక గానీ దాన్ని బీరువాలోంచి తీయలేదు. నరసరావుపేటలో మెట్ల కింద బల్ల వేసుకుని కూర్చునే ఒక పెద్దాయన పాత వాచీలు చూస్తాడని విని తీసుకెళ్లాను. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని, ముందుగా వాచీ వెనకమూత చూశాడు. దాని నిండా చాకుతో గీకిన గీతలే. మూత తీసి వాసన చూశాడు. "ఎవరమ్మా, మిషనుకి కొబ్బరినూనెతో తలంటు పోసింది?" అన్నాడు. తిరిగే బిళ్లను పట్టి ఉంచే మర ఊడి, పళ్లచక్రాల మధ్య ఇరుక్కుని ఉంది. మొదట ఎలా ఆగిపోయిందో నేను చెబితే, చేస్తున్న పని ఆపి నా మొహంలోకి చూశాడు. "చెయ్యి కదలకపోతే ఆగిపోద్ది, అంతే. దానికి రోగమేం లేదు. మూత తీసినాకే పట్టుకుంది రోగం" అన్నాడు.

నాన్న చెప్పింది సరిగ్గా అదే.

ఒక్కో చక్రాన్నీ విడదీసి, పెట్రోలులో కడిగి, స్ప్రింగు మార్చి, సూదిమొనతో అసలైన వాచీనూనె చుక్క అంటించి, పదిరోజులు తన చేతికే పెట్టుకుని చూశాడు. నిజమైన ట్రయల్ అంటే అది. డయల్‌కు కొత్తరంగు వేయమంటే మాత్రం, "పసుపెక్కితే ఎక్కనీయమ్మా, వయసైందిగా" అని ఒప్పుకోలేదు.

వాచీ నడుస్తోందన్న కబురు మాచర్లకు ఎలా చేరిందో గానీ, వారం తిరగకుండా బాబాయి దిగాడు. "బాగైందంట గదా, ఇటియ్యి. ఆడదానివి, మగవాచీ నీకేం బాగుంటది? అన్న గుర్తుగా నేను పెట్టుకుంటా" అంటూ చెయ్యి చాపాడు.

"మీ గుర్తులు కూడా లోపల చానా ఉన్నాయి బాబాయ్. కడిగించడానికి పదిరోజులు పట్టింది. ఇంక ఇవ్వను" అన్నాను.

"ఏంది, చిన్నాన్నతో మాట్లాడే పద్ధతేనా ఇది?" అన్నాడు. ఆరోజు కాఫీ ఇవ్వలేదు. అడగడానికి ఆయనా ఆగలేదు.

బాబాయిని చులకన చేయడం తేలిక. ఆయనే ఆ అవకాశం ఇస్తుంటాడు. కానీ ఆ రెండేళ్లూ నాన్న "వాచీ వచ్చిందా?" అని అడిగినప్పుడల్లా, "వచ్చేవారం వస్తుంది నాన్నా" అన్నది నేను. పెద్దవాళ్లను నిలదీస్తే బాగుండదని ఊరుకున్నదీ నేనే. మాచర్ల వెళ్లి వాచీ తెచ్చి, పనిచేసే ఆ కుడిచేతికి పెట్టడానికి ఒక్కపూట చాలు. బడి, ఇల్లు, మందులు అంటూ ఆ ఒక్కపూటా నాకు తీరలేదు. ఇప్పుడు పూటలన్నీ నావే. అడిగే మనిషే లేడు.