మూత ఎవరు తీశారు

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని ఏడాది పొడుగునా ఉండదు. చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి కాయ దిగినన్నాళ్ళే. నా భర్త చనిపోయాక నాయన దగ్గరికి వచ్చేసి, ఆ పనికి పోవడం మొదలుపెట్టాను. పక్కింటి అక్క కూడా వచ్చేది. మేస్త్రీ పంపిన ఆటోలో ఇద్దరం కలిసే పోయేవాళ్ళం.

మా పని గుజ్జు తీసే మిషన్ దగ్గర. కడిగిన కాయలు పైనుంచి పడతాయి. లోపల తిరిగే రెక్కలు టెంకనూ తొక్కనూ వేరు చేస్తాయి. ఆ రెక్కల మీద ఇనుప మూత ఉండాలి. మూత ఉంటే పీచు అడ్డం పడినప్పుడల్లా మిషన్ ఆపి, బోల్టులు విప్పి శుభ్రం చేసుకోవాలి. ఆ ఏడు కాపు ఎక్కువ. గేటు బయట లారీలు బారు కట్టాయి. సూపర్‌వైజర్ మెకానిక్‌ను పిలిచి మూత తీయించాడు.

"సీజన్ అయ్యేదాకా ఇట్లే ఉండనీ. కట్టెతో తోసుకోండి," అన్నాడు. అక్కా నేనూ పక్కనే నిలబడి విన్నాం.

ఒకరోజు కట్టె నా చేతిలోంచి జారింది. పట్టుకోబోయాను. నొప్పి తెలియలేదు. ఎవరో చెయ్యి పట్టుకుని గట్టిగా లాగినట్టు అనిపించింది. అక్క పరుగున పోయి స్విచ్ కట్టేసింది. చెయ్యి బయటికి తీసి చూసుకుంటే ఆ పసుపుపచ్చ గుజ్జులో ఏది ఏమిటో తెలియలేదు. ఎవరో గుడ్డ చుట్టారు. వ్యాన్‌లో కూర్చున్నాక, ఇంటి దగ్గర బియ్యం నానబోసి వచ్చానే, పిండి ఎవరు రుబ్బుతారు అనుకున్నాను.

తిరుపతి పెద్దాసుపత్రిలో కుడిచేతి నాలుగు వేళ్ళు తీసేశారు. బొటనవేలు మిగిలింది. కట్టు మార్చేటప్పుడు నర్సు మొహం అటు తిప్పుకోమంది. తిప్పుకోలేదు. ఎవరి చెయ్యో చూస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాను.

"ఏడు తల్లీ, ఏడిస్తే కొంచిం బరువు దిగతాది," అంది పక్క మంచం మీది ముసలామె.

ఏడుపు రాలేదు.

ఇంటికి వచ్చాక సూపర్‌వైజర్ ఆపిల్ పండ్లు తీసుకుని వచ్చాడు. నాయన కుర్చీ వేశాడు.

"పాప తొందరపడి మూత తీసేసింది పెద్దాయనా. మేమేం సేస్తాం. ఓనరు మంచోడు, ఏదో ఒకటి సూస్తాడు. కేసులని తిరగొద్దండి."

నాయన నా వైపు తిరిగాడు. "నువ్వు తీసినావామ్మా?"

"లేదు నాయనా. ఈయప్పే తీయించినాడు."

"పండ్లు ఎత్తుకోని పో అప్పా," అన్నాడు నాయన.

అతను లేచి వెళ్ళాడు గానీ పండ్లు అక్కడే వదిలేశాడు. మర్నాడు నాయన చూడనప్పుడు ఒకటి తిన్నాను. బాగానే ఉంది.

సీజన్ ఫ్యాక్టరీ కాబట్టి మాకు ఈఎస్ఐ లేదు. పరిహారం కోసం కార్మిక శాఖ ఆఫీసులో కేసు వేయాలని చిత్తూరులో ఒక వకీలు చెప్తే వేశాం. చెయ్యి ఎంత పనికిరాకుండా పోయిందో సర్టిఫికెట్ ఇచ్చే డాక్టరు గ్లాసు ఎత్తమన్నాడు, పిన్నీసు పెట్టుకోమన్నాడు. రెండూ చేతకాలేదు. రాసుకున్నాడు.

విచారణ రోజు ఫ్యాక్టరీవాళ్ళు తమ సాక్షిగా అక్కను తీసుకొచ్చారు. వరండాలో సూపర్‌వైజర్ పక్కన నిలబడి ఉంది. నా వైపు చూడలేదు. లోపల అధికారి ముందు ఫ్యాక్టరీ వకీలు అడిగాడు.

"మూత తీసింది ఈమే కదా?"

"నేను సూడలేదు సార్."

"పక్కనే ఉన్నావు కదమ్మా?"

"ఉణ్ణాను. సూడలేదు."

మా వకీలు లేచాడు. "పోనీ, సూపర్‌వైజర్ తీయించాడా?"

"అది గూడా సూడలేదు సార్."

బస్సులో నాయన తిడుతూనే ఉన్నాడు. "పక్కనుండి సూడలేదంట. కండ్లు యాడ పెట్టుకోనుండాదో." నేను టికెట్ మడతపెడుతూ కూర్చున్నాను. ఆమె మీద కోపం రావాలని తెలుసు. వస్తుందేమోనని ఇల్లు చేరేదాకా చూశాను.

ఎడమ చేత్తో జడ వేసుకోవడం నాకు చేతకాదు. నాయన ఒకసారి దువ్వెన పట్టుకుని, చిక్కు తీయలేక వదిలేశాడు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ అక్కే రోజూ పొద్దున వచ్చి వేసిపోయేది. విచారణ అయిన మర్నాడు రాదనుకున్నాను. వచ్చింది. నాయన లేచి బయటికి పోయాడు. నేను ఆమె ముందు కూర్చున్నాను. చిక్కు తీసి, జడ వేసి పోయింది. ఆ తర్వాత కూడా రోజూ వచ్చింది, రోజూ అలాగే.

మళ్ళీ సీజన్ వచ్చేసరికి ఫ్యాక్టరీవాళ్ళు ఆమెను పనిలోకి రానివ్వలేదు. మామిడి మండీలో కాయలు ఏరే పనికి పోసాగింది.

చాలాకాలానికి తీర్పు మా వైపు వచ్చింది. మూత కూలిమనిషే తీసిందని ఫ్యాక్టరీ చూపించలేకపోయింది, పనిలో జరిగిన ప్రమాదానికి యజమానే పరిహారం కట్టాలి అని ఉంది అందులో. "వాళ్ళు తెచ్చుకున్న సాక్షి వాళ్ళకే పనికిరాలేదు," అని వకీలు నవ్వాడు. నాయన కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఇంక పోదామా అన్నాను.

డబ్బు బ్యాంకులో పడింది. తీసుకోబోతే ఎడమచేతి సంతకం పాతదానితో కలవలేదు. పదో తరగతి పాసైనదాన్ని, వేలిముద్ర వేశాను.

మర్నాడు జడ అల్లుతూ అక్క మొదటిసారి విచారణ మాట ఎత్తింది.

"నువ్వే తీసినావని సెప్పమన్నాడు మే ఆ సూపర్‌వైజరు. లేకుంటే పన్లోకి రావద్దన్నాడు."

"ఊఁ."

"ఉన్నది ఉన్నట్టు సెప్పేదానికి బయమేసింది. నీ మింద సెప్పేదానికి నోరు రాలేదు. అందుకే సూడలేదంటిని."

"అట్నా."

"కోపం రాలేదా నీకు?"

ఆలోచించాను. "రాలేదక్కా."

"రోంత అన్నా?"

"రాలేదు."

ఆమె చేతులు కాసేపు ఆగాయి. ముక్కు ఎగబీల్చడం వినిపించింది. తర్వాత మళ్ళీ అల్లింది, కొసన రబ్బరు బిగించింది, మండీకి ఆలస్యమవుతోందని వెళ్ళిపోయింది. నేను లేచి నాయనకు కాఫీ పెట్టాను.