అత్త ఒప్పుకోని నాలుగో పాదం

మా అత్త పోయింది. ఆత్మకూరులో బంధువుల పెళ్లిలో ఉండగా మా ఆయన ఫోను చేసి, "అమ్మ పోయింది, వచ్చేయ్" అన్నాడు. ఉదయగిరి బళ్లో ఆమె దగ్గర తెలుగు చదువుకున్న ఆడపిల్లలు ఇప్పుడు వాళ్లూ అత్తలై ఉంటారు. వాళ్లకు ఈ కబురు ఈపాటికి చేరే ఉంటుంది. చేరని వాళ్ల కోసం, ఆమెను అసలు ఎరగని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు పద్యం రాయడం నేర్పింది ఆమే.

నేను వింజమూరు నుంచి బీకాం డిగ్రీతో ఈ ఇంటికి వచ్చాను. పద్యమంటే పదో తరగతిలో బట్టీ పట్టి, పరీక్ష హాల్లో కక్కేసి వచ్చే సరుకు అప్పటికి. అత్త అప్పటికే రిటైరైంది. వసారాలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ పద్యాలు కూనిరాగం తీసేది. ఏదో ఒకటి మాట్లాడాలి గదా అని ఒకరోజు, "అత్తా, ఈ గురువులూ లఘువులూ ఎట్లా కనుక్కుంటారు?" అన్నాను. అంతే, దొరికిపోయాను.

బియ్యం పక్కన పెట్టి, చాట నా ముందుకు జరిపి, లోపలి నుంచి గుప్పెడు చింతగింజలు, గుప్పెడు పెసలు తెచ్చింది. "సాగదీసి పలికేదానికి, ఒత్తక్షరం ముందరుండేదానికి చింతగింజ పెట్టు. అది గురువు. పొట్టిదానికి పెసరగింజ, అది లఘువు. యాడ, నీ పేరు పెట్టు చూస్తాం" అనింది. నా పేరు పెట్టాను. మా ఆయన పేరు పెట్టాను. వీధిలో అందరి పేర్లూ పెట్టాను. పొయ్యి మీద పప్పు మాడిపోయింది. ఆ రోజునుంచి మా ఇంట్లో అది మామూలైపోయింది. "ఈ ఇంట్లో పప్పులు చాటలోకి వస్తాయి గానీ కంచంలోకి రావు" అని మా ఆయన గొణిగేవాడు. అత్త వినిపించుకునేది కాదు, నేనూ వినిపించుకోవడం మానేశాను.

కొన్నాళ్లకు గింజలు డబ్బాలో పోసి మూత పెట్టేసింది. "ఇంక చాలమ్మాయ్. చెవిని నమ్ముకో" అనింది.

చెవిని నమ్ముకుంటే ఏమవుతుందో చెప్తాను. ఒకసారి మా పుట్టింటికని ఇద్దరం ఉదయగిరిలో కావలి బస్సెక్కాం. కండక్టరు ఊర్లపేర్లు అరుస్తుంటే అత్త నా మోచేతిని పొడిచింది. "ఇన్నావా? దుత్తలూరు, వింజమూరు. రెండేసి సూర్యగణాలు. ఆటవెలదికి అచ్చు గుద్దినట్టుండాయి. జలదంకి సలం, కలిగిరి నలం, రెండూ ఇంద్రగణాలే. మన ఊర్లకు పేర్లు పెట్టినోడెవడో ఛందస్సు తెలిసినోడే!" ఇంక ఇద్దరికీ పూనకం వచ్చింది. ఊర్లన్నీ కలిపి ఒక ఆటవెలది అల్లడం మొదలుపెట్టాం. గణాలు కుదిరాయి గానీ యతి కుదరలేదు, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో రావలసిన జోడీ అక్షరం దొరకలేదు. దాన్ని వెతుక్కుంటూ ఉండగా బస్సు వింజమూరులో ఆగింది, బయల్దేరింది, మేమిద్దరం కలిగిరిలో తేలాం. "ఏందమ్మా, మీరు దిగాల్సింది వింజమూరు గదా?" అన్నాడు కండక్టరు. "యతి కుదర్లా నాయనా, అందుకని దిగలా" అనింది అత్త, తప్పంతా వాడిదే అయినట్టు.

నేను రాసిన పద్యాన్ని ఆమె ఏనాడూ బాగుందని అనలేదు. తప్పు లేకపోతే "నిలబడినాది" అనేది, అదే పెద్ద బిరుదు. గణం కోసం అర్థం లేని మాట ఇరికిస్తే మాత్రం కళ్లజోడు పైనుంచి చూసేది. "బియ్యంలో రాళ్లేసి తూకం నింపినట్టుండాది" అనేది. ఆ చూపుకు భయపడి నేను ఎన్ని మంచి మంచి సంస్కృత పదాలు కొట్టేశానో!

పోయిన ఏడాది నెల్లూరులో డాక్టరు, గుండె బలహీనంగా ఉందని చెప్పాడు. ఇంటికొచ్చి మంచినీళ్లు తాగి, చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది అత్త.

"నేను పోయినాక నా మింద పద్యం రాస్తావు గదా?"

"ఏం మాటలు అత్తా అవి!"

"అప్పుడు రాస్తే తప్పులెవురు దిద్దేది? ఇప్పుడే రాసి చూపించు."

"అపశకునం అత్తా."

"యతి తప్పడం కంటే అపశకునం ఉండాదా?"

తప్పించుకోలేక రాశాను. కల్పవృక్షమని, కరుణాసముద్రమని రాశాను. అత్త ఓపిగ్గా విని, "ఎవురమ్మా ఈమె? మన వీధిలో లేదే!" అనింది. నాకు నవ్వాగలేదు, ఆమెకూ ఆగలేదు. ఆ కాగితం చించేసి, ఉన్నది ఉన్నట్టు మళ్లీ రాశాను.

ఉప్పు తక్కువైన ఊరకుండును గాని
గణము తప్పెనేని కస్సుమనును
అత్తగారి చేత అక్షింతలే తిన్న
కోడలిపుడు కంట కొలను నింపె

మూడు పాదాలకు తల ఊపింది. "నిలబడినాది" అనింది. నాలుగోది వినగానే చేతిలో చిక్కుడుకాయ కింద పెట్టేసింది. "నా పద్యంలో నీ ఏడుపెందుకు? నేను బతికినన్నాళ్లూ నవ్వతానే ఉన్నా. ఆ పాదం మార్చు. మార్చకుండా నా పెద్దకర్మలో చదివినావంటే, లేచొచ్చి దిద్దతా."

మార్చాలని కూర్చున్న ప్రతిసారీ ఆమె వసారాలో కూనిరాగం తీస్తూ వినిపించేది. నాకు నిజంగానే కళ్లు నిండేవి. ఇంక వేరే పాదం ఎక్కడినుంచి వస్తుంది? అది అట్లాగే ఉండిపోయింది. ఆమె వెళ్లిపోయింది.

పెద్దకర్మ నాడు షామియానా కింద విస్తళ్లు వేసి వడ్డన మొదలుపెట్టారు. అత్త పాత శిష్యురాలొకామె లేచి, "కోడలు పద్యం రాసిందంట, చదవనీండి" అనింది. చేతిలో కాగితం లేకుండానే నిలబడ్డాను. ఉప్పు అనగానే ఒకరిద్దరు ముసిముసిగా నవ్వారు. కస్సుమనును అనేసరికి ఆమె చేత తిట్లు తిన్నవాళ్లంతా గట్టిగా నవ్వారు. మూడో పాదమూ అయిపోయింది. అంతమంది నవ్వుతుంటే, కంట కొలను అనడానికి నాకు నోరు రాలేదు. దండ వేసిన ఫోటో వైపు చూశాను. ఏం అనబోతున్నానో నాకే తెలియకుండా అనేశాను:

"కోడలికిక రెండు కొమ్ములొచ్చె!"

అత్త పెద్దకర్మలో కోడలు అనాల్సిన మాటేనా ఇది అని నాకే భయమేసింది. మా ఆడబిడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు ఊగిపోతుంటే అర్థమైంది, నవ్వుతోంది. తర్వాత బంతి బంతంతా నవ్వింది. వెనక వరసలో దుత్తలూరు పెదమామ, జన్మంతా పద్యనాటకాల ముందు కూర్చున్న మనిషి, సాంబారన్నం కలిపిన చెయ్యి పైకెత్తి, నాటకంలో అరిచినట్టే "వన్స్ మోర్!" అని అరిచాడు.

వడ్డించేవాళ్లు బకెట్లతో ఉన్నచోటే ఆగిపోయారు. నేను గొంతు సవరించుకుని, మళ్లీ ఉప్పు దగ్గరనుంచి ఎత్తుకున్నాను.