బావ బిగించిన పైపు

ఆ ఉదయం విమానం ఇంజన్ గాల్లో దగ్గడానికి కారణం మా బావ బిగించిన పెట్రోలు పైపు కాదు. నేను బిగించిన సెన్సర్. ఈ సంగతి నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. సాయంత్రం ఆస్పత్రిలో బావ మంచం పక్కన కూర్చుని కూడా చెప్పలేదు. ఆ తర్వాత ఏడేళ్లు చెప్పలేదు. ఈలోగా పైపు కథ మా చుట్టాల్లోనూ, విమానాల క్లబ్బులోనూ నిజమై కూర్చుంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

బావ అంటే మా అప్ప భర్త. అక్కను మేం అప్ప అంటాం. మలాయ్ దేశంలోని సుంగై సుమున్ తోటలో పుట్టి, పామాయిల్ మిల్లులో పైపులు అతకడం నేర్చుకుని, పని వెతుక్కుంటూ మా ఊరు సుంగై పెటాని వచ్చాడు. అప్పను చేసుకుని అక్కడే ఉండిపోయాడు. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలలో ఆవిరి పైపులు, నూనె పైపులు అతికాడు. ఆయన అతికిన చోటు కారడం నేనెప్పుడూ చూడలేదు, ఎవరూ చూశామని చెప్పగా వినలేదు. ఆ పేరు ఆయనకు ముఖ్యం. చదువు లేదు, ఆస్తి లేదు, కానీ "ఆయన పైపు కారదు" అన్న మాట ఉంది.

నలభై దాటాక ఆయనకు ఎగరాలన్న పిచ్చి పట్టింది. క్లబ్బులో చేరి చిన్న విమానం నడపడం నేర్చుకున్నాడు, లైసెన్సు తెచ్చుకున్నాడు. తర్వాత ఇంటి వెనక రేకుల షెడ్డులో, విదేశాల నుంచి తెప్పించిన ప్లాన్లు చూసి రెండు సీట్ల విమానం కట్టడం మొదలుపెట్టాడు. ఇంజన్ మాత్రం కారుది. జపాన్ కార్లను సగానికి కోసి ఓడల్లో తెచ్చి అమ్మే కొట్లు మా దగ్గర చాలా ఉన్నాయి. హాఫ్‌కట్ అంటాం. అలాంటి ఒక సగం కారులోంచి రోటరీ ఇంజన్ ఊడదీసి తెచ్చాడు. దాంట్లో పిస్టన్లు ఉండవు. మూడు మూలల ఇనుప దిమ్మ గుండ్రంగా తిరుగుతుంది. తేలిక, అదురు తక్కువ.

ఆ ఇంజన్‌కు పెట్రోలు ఎంత పోయాలో లెక్కగట్టే ఎలక్ట్రానిక్ పెట్టె నా వంతు. నేను ఒక ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డులు పరీక్షించే టెక్నీషియన్ని. అప్పటికే నా పెళ్లి తెగిపోయింది. జార్జ్ టౌన్‌లో ఫ్లాటు ఆమెకు వదిలేసి వచ్చి, సుంగై పెటానిలో ఒక్కడినే ఉంటున్నాను. ఫ్యాక్టరీలో మలాయ్, క్యాంటీన్‌లో తమిళం, మేనేజరుతో ఇంగ్లీషు. తెలుగు మాట్లాడేది ఆదివారం ఆ షెడ్డులోనే.

ఆ పెట్టె పని చెప్పడానికి సులువే. గాలి ఒత్తిడి ఎంత, గాలి వేడి ఎంత అన్నది రెండు సెన్సర్లు దానికి చెబుతాయి. వేడి గాలి పల్చన, కాబట్టి పెట్రోలు తగ్గించాలి. చల్లగాలి చిక్కన, కాబట్టి పెంచాలి. పెట్టె ఆ లెక్క తనే చూసుకుంటుంది. అది పొరపాటు పడితే సర్దుకోవడానికి పైలట్ ముందు ఒక నాబ్ ఉంటుంది. కుడికి తిప్పితే మిశ్రమం చిక్కబడుతుంది, ఎడమకు తిప్పితే పల్చబడుతుంది.

విమానం తోకను పామాయిల్ చెట్టు మొద్దుకు గొలుసుతో కట్టేవాళ్లం. బావ సీట్లో కూర్చుని ఇంజన్ వేగం పెంచేవాడు. నేను రెక్క కింద ల్యాప్‌టాప్‌తో గొంతుక్కూర్చుని ఒక్కో వేగం దగ్గర పెట్రోలు లెక్క సరిచేసేవాణ్ని. ఒక వేగం దగ్గర మాత్రం ఇంజన్ దగ్గేది.

"ఏరా బామ్మర్దీ, మళ్లీ దగ్గుతాందేటి నీ పెట్టె?"

"పెట్టె కాదు బావ, నీ ఇంజను."

"నా ఇంజనుకి రొంప నేదు. నీ పెట్టెకే బుర్ర నేదు లా!" మాట చివర మలాయ్ వాళ్ల 'లా' తగిలించడం ఆయనకు అలవాటు.

మూడు ఆదివారాలు దాని వెంట పడ్డాను. స్పార్క్ ప్లగ్గులు మార్చాను. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు విప్పి కడిగాను. పొగలో మిగిలిన ఆక్సిజన్ కొలిచే సెన్సర్‌కు, పెట్రోలులో కలిపే నూనె మసి పట్టి ఉంటుందని కొత్తది వేశాను. దగ్గు పోలేదు. మూడో ఆదివారం ఊరికే తలెత్తి చూస్తే, బావ బొటనవేలు నాబ్ మీద ఉంది. ఇంజన్ మోత మారినప్పుడల్లా ఆయన వేలు దాన్ని రెండు గీతలు అటూ, రెండు గీతలు ఇటూ తిప్పుతోంది. వాల్వు చక్రాలు తిప్పిన చెయ్యి, ఊరుకోదు. నేను సరిచేసిన లెక్కలన్నీ కదులుతున్న నాబ్ మీద కట్టినవి.

నాకు కోపం వచ్చింది. నాబ్‌ను మధ్య గీత దగ్గర పెట్టి, దాని చుట్టూ నల్ల టేపు నాలుగు వరసలు చుట్టాను.

"ఇదేటిరా, ఇంజనుకి కట్టు కట్టినావు?"

"ఇంజనుకి కాదు బావ, నీ సేతికి."

కాఫీ తెచ్చిన అప్ప గ్లాసులు కింద పెట్టి మరీ నవ్వింది. "మంచి పని సేసినావురా. ఇంట్లో టీవీ రిమోటుకి కూడా సుట్టు" అంది.

టేపు చుట్టాక ఒక్క రోజులో ఇంజన్ బాగుపడింది. నేను మొనగాణ్ణయిపోయాను. ఆ గర్వంలో, అంతకుముందే చేసిన ఇంకో తప్పును పట్టించుకోలేదు. గాలి వేడి చూసే సెన్సర్‌ను, గాలి లోపలికొచ్చే గొట్టం మొదట్లో, చల్లటి చోట పెట్టాలి. దాని తీగ జానెడు తక్కువైంది. ఇంజన్‌కు ఆనుకుని ఉన్న అల్యూమినియం భాగంలో మరలున్న కన్నం ఒకటి ఖాళీగా కనబడితే, తీగ తెప్పించేదాకా అని అక్కడ బిగించాను. తీగ తెప్పించలేదు. ఇంజన్ ముందు మూత విప్పి పరీక్షిస్తున్నంత కాలం ప్రొపెల్లర్ గాలికి అది చల్లగానే ఉండేది, లెక్కలు బాగానే వచ్చేవి.

"మూత ఏసి ఓసారి నడిపి సూద్దామేటిరా? ఎండలో?" అని బావ అడిగాడు.

"ఎందుకు బావ, అన్నీ సెట్ సేసినాను" అన్నాను. మూత వేస్తే నా ల్యాప్‌టాప్ కేబుల్ పట్టదు. అంతకు మించి కారణం లేదు.

మొదటి రెండుసార్లు తెల్లవారుజామునే ఎగిరాడు, ఏమీ కాలేదు. మూడోసారి క్లబ్బు రన్‌వే మీద వేరే విమానం దిగేదాకా ఆగమన్నారు. ఎండలో, మూత లోపల, ఇంజన్ తిరుగుతూ పావుగంట నిలబడింది. తర్వాత బావ లేచాడు. చెట్ల ఎత్తు దాటగానే దగ్గు వినిపించింది. షెడ్డులో విన్న దగ్గే, కానీ ఈసారి ఆగలేదు. ఆయన వెంటనే చుట్టు తిప్పి వెనక్కొచ్చాడు. సగం రన్‌వే దాటాక గాని చక్రాలు ఆనలేదు. చివర కాలువలో ముందు చక్రం మడతపడింది, ప్రొపెల్లర్ ముక్కలైంది, బావ ఎడమ మణికట్టు విరిగింది.

అప్ప ఆయనతో అంబులెన్సులో వెళ్లింది. నేను విమానం దగ్గర ఉండిపోయాను. పెట్టె తన లెక్కలన్నీ ఒక చిన్న కార్డు మీద రాసుకుంటుంది. దాన్ని తీసి, కారులో కూర్చుని ల్యాప్‌టాప్‌లో పెట్టాను. నా మొదటి అనుమానం బావ బిగించిన పైపు మీద. వేడికి అందులో పెట్రోలు ఆవిరయితే పెట్రోలు ఒత్తిడి ఎగుడుదిగుడుగా పడిపోవాలి. అది గీత గీసినట్టు చివరిదాకా నిలకడగా ఉంది. గాలి వేడి దగ్గర ఎనభై ఒక్క డిగ్రీలు అని ఉంది. బయట ముప్పై మూడు. కాలిన లోహాన్ని పట్టుకుని నా సెన్సర్ గాలి అంత వేడిగా ఉందనుకుంది. పెట్టె దాన్ని నమ్మి పెట్రోలు తగ్గించింది. పెట్రోలు పొదుపని నేను మిశ్రమాన్ని ముందే పల్చదనం అంచు మీద నిలబెట్టాను. ఇంజన్ దగ్గడానికి ఆ కాస్త తగ్గడం చాలు.

ఆస్పత్రికి వెళ్లాను, చెప్పాలనే. బావ చేతికి కట్టు. నన్ను చూడగానే తనే మొదలుపెట్టాడు.

"పైపేరా. ఎగ్జాస్టుకి బెత్తెడు దూరంలో లాగినాను. ఎండలో నిలబెట్టీసరికి పెట్రోలు ఆవిరైపోనాది. అంతేనా?"

"అంతే అయ్యుంటది బావ" అన్నాను.

"నాబు తిప్పుదామని సూసినాను. టేపుకి గోరు పట్టనేదు." నవ్వాడు. "ఆవిరికి నాబు తిప్పినా ఏటవుద్దిలే. నువ్వు మనసులో ఎట్టుకోకు."

నాబ్ కుడికి తిప్పగలిగితే మిశ్రమం చిక్కబడి దగ్గు ఆగేది. అది తెలియక ఆయనే నన్ను ఓదార్చాడు. అప్పుడైనా నోరు తెరవాల్సింది. అప్ప అటు తిరిగి కళ్లు తుడుచుకుంటోంది. ఇప్పుడు చెబితే అప్ప ముందు నేనేమవుతానో అనిపించింది. తర్వాత విమానయాన అధికారులు నివేదిక అడిగితే, ఇంగ్లీషు వచ్చినవాణ్ని గనక నేనే రాశాను. కారణం అన్న గడిలో పెట్రోలు పైపు ఎగ్జాస్ట్‌కు దగ్గరగా ఉండడం అని రాశాను. బావ చదవకుండానే కుడిచేత్తో సంతకం పెట్టాడు.

ఆయన మళ్లీ ఎగరలేదు. విమానాన్ని ముక్కలుగా అమ్మేశాడు. మణికట్టు బాగయ్యాక కూడా ఫ్యాక్టరీ పనికి వెళ్లలేదు, రిటైరవుతానన్నాడు. ఇద్దరూ సుంగై సుమున్‌లోని ఆయన పాత ఇంటికి వెళ్లిపోయారు. షెడ్డు అద్దెకు పోయి కార్లు కడిగే చోటయింది. నేను ఆదివారాలు అటువైపు వెళ్లకుండా వేరే దారిన పోయేవాణ్ని. మూలనున్న టీకొట్లో ఒక గ్లాసు టీతో రెండు గంటలు కూర్చునేవాణ్ని. వారాల తరబడి నా నోట తెలుగు ముక్క వచ్చేది కాదు. ఒకసారి వేడి గిన్నె తగిలి చెయ్యి కాలి "అమ్మా" అన్నాను. ఆ నెలలో నేను మాట్లాడిన తెలుగు అంతే.

ఫోన్‌లో చెప్పడానికి ప్రయత్నించాను. కానీ మాలో బావా బామ్మర్దుల మాటలంటే ఎకసెక్కాలే. ఎంత పెద్దమనిషైనా బామ్మర్దితో నిదానంగా మాట్లాడితే ఒంట్లో బాగోలేదా అని అడుగుతారు. "బావ, నీతో ఒక మాట" అంటే, "ఏటి, మళ్లీ పెళ్లేటి? ఈసారి పిల్లకి టేపు సుట్టీ" అనేవాడు. నేను నవ్వేవాణ్ని. నవ్వాక ఆ మాట వెనక్కి పోయేది. అది ఆయన తప్పు కాదు. ఆ నవ్వు నాకు అవసరమైంది.

ఈమధ్య ఒకరోజు అప్ప ఫోన్ చేసి, కబుర్ల మధ్య మామూలుగా అంది. "గేస్ బండ పైపు మార్సాలిరా, ఆ మలాయ్ కుర్రోడు ఇంకా రానేదు. రెండ్రోజులై కరెంటు పొయ్యి మీద వొండుతాన్ను."

"బావ ఉన్నాడు కదప్పా?"

"ఆయన ముట్టడురా. ఏ పైపూ ముట్టడు. తోటలో నీళ్ల పైపు కూడా. నా సెయ్యి మంచిది కాదంటాడు. నీకు తెలీదేటి?"

నాకు తెలియదు. ఏడేళ్లుగా తెలియదు. మూరెడు రబ్బరు గొట్టం. ముప్పై ఏళ్లు పైపులు అతికిన మనిషి.

ఆ రాత్రే పాత కార్డు వెతికి, లెక్కలు ప్రింటు తీశాను. సరిదిద్దిన నివేదిక రాసి అధికారుల కార్యాలయానికీ క్లబ్బుకూ పంపాను. మర్నాడు సెలవు పెట్టి మూడు గంటలు కారు నడుపుకుంటూ సుంగై సుమున్ వెళ్లాను.

బావ వరండాలో కూర్చుని ఉన్నాడు. "ఏటిరా, దారి తప్పినావా? జుట్టంతా ఎక్కడ అమ్మీసినావు?"

"బావ, ఈ ఒక్కసారికి ఎకసెక్కం వొద్దు. అప్పా, నువ్వూ కూకో."

కాగితాలు బల్ల మీద పరిచాను. నివేదిక తెలుగులో చెప్పాను. సెన్సర్ ఎక్కడ పెట్టానో, ఎందుకు పెట్టానో, ఎప్పుడు తెలిసిందో. బావ వేలు కాగితం మీద పెట్టాడు.

"పెట్రోలు ఒత్తిడి ఇదేనా?"

"అదే."

"పడనేదు."

"పడనేదు బావ. నీ పైపు బాగుంది. ఆకర్న కాలవలో పడ్డాక కూడా బాగుంది."

ఆయన ఆ గీత వెంట వేలు మెల్లగా చివరిదాకా జరిపాడు. అప్ప నావైపు చూడలేదు.

"ఆస్పత్రికి వచ్చినప్పటికే తెల్సా?" అంది.

"తెల్సప్పా."

"ఏడేళ్లురా" అన్నాడు బావ. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఏడేళ్లు నా సేతుల్ని సూసి నానే బయపడినాను."

నోటికొచ్చింది అన్నాను.

"సెన్సరు తప్పు సోట ఎట్టినాను, అది తెలవక సేసినాను. నాబుకి టేపు సుట్టినాను, అది పొగరుతో సేసినాను. కానీ నువ్వు 'అంతేనా' అని అడిగితే 'అంతే' అన్నాను సూడు, అది తెలిసి సేసినాను. నీ పనికి ఏ వంకా నేదు బావ, ఏ రోజూ నేదు. తప్పు నాది. నన్ను సెమించు."