సదానందం కట్టిన ఎర్రదారం

సూరత్‌లో అడాజన్ అనే పేటలోని గ్యారేజీలో సదానందం పని ఎంత నమ్మకమైనదో, సదానందం అంత నమ్మని మనిషి. బంకులో పోయించుకొచ్చిన పెట్రోలును గాజుసీసాలో పట్టి ఎండకెత్తి చూస్తాడు. కొత్త స్పార్క్ ప్లగ్గు డబ్బాకు సీలు ఉంటే, ఆ సీలే నకిలీదేమోనని గోటితో గోకుతాడు. ఇంట్లో భార్య విజయరాణి అన్నం ఉడికిందని చెప్పినా సరే, మూత తీసి మెతుకు నలిపి చూశాకే పీట మీద కూర్చుంటాడు. "నన్ను పెండ్లి జేసుకునేటప్పుడు ఎట్ల నమ్మిండో మరి" అని ఆమె పక్కింటివాళ్లతో చెప్పి నవ్వుతూ ఉంటుంది.

అతను పుట్టుకతో అనుమానపు మనిషి కాడు. జగిత్యాల పక్క పల్లె నుంచి పదిహేడో ఏట సూరత్ వచ్చినప్పుడు ఎవరేం చెప్పినా తలూపే రకం. ఊరి పక్కనే ఉన్న పల్సానాలో మరమగ్గాల కార్ఖానాలో చేరాడు. మరమగ్గాలను అక్కడ మనవాళ్లు సాంచలు అంటారు. నాలుగేళ్లు వాటి మీద బట్ట నేసి, తరవాత వాటిని బాగుచేసే మాస్టర్ అయ్యాడు. ఇరవై రెండేళ్ల కిందట అదీ వదిలేసి కార్ల పనిలోకి వచ్చాడు. ఎందుకు వదిలావని ఎవరైనా అడిగితే సాంచల చప్పుడుకు చెవులు పోయాయంటాడు. అది పచ్చి అబద్ధం. మూడు కార్ల అవతల ఇంజన్‌లో ఒక బోల్టు వదులైనా అతనికి వినిపిస్తుంది.

కార్ఖానా వదిలినా అక్కడి అలవాటొకటి అతన్ని వదల్లేదు. సాంచ నడుస్తుండగా ఏదైనా భాగం మళ్లీ చూడాల్సి ఉందనిపిస్తే, మాస్టర్ దాని మీద జానెడు ఎర్రదారం కట్టి వెళ్లేవాడు. పని అయిపోయాక ఆ దారం కోసేసేవాడు. దారం కనిపించిందంటే అక్కడ మాస్టర్‌కు బాకీ పని ఉందన్నమాట. కార్లలో కూడా సదానందం అలాగే కడతాడు. అతని చొక్కా జేబులో పెన్ను లేకపోవచ్చు గానీ ఎర్రదారపు ఉండ ఎప్పుడూ ఉంటుంది.

కార్ఖానా నుంచి వెంట వచ్చిన రెండో సంగతి లస్మయ్య. అతనూ జగిత్యాల పక్క మనిషే, అదే కార్ఖానాలో సాంచ నడిపినవాడు, వయసులో నాలుగేళ్లు పెద్ద. ఎడమ కన్ను లేదు. ఒక బట్టల గోదాములో కాపలా పని చేస్తూ, డ్యూటీ ఎక్కే ముందు రోజూ నాలుగింటికి గ్యారేజీకి వచ్చి నీలం స్టూలు మీద కూర్చుంటాడు. ఒక చాయ్ తాగి, రెండు మాటలు మాట్లాడి, ఉన్న ఒక్క కంటితో సదానందం చేతులను చూస్తూ ఉంటాడు. ఏళ్ల తరబడి ఒక్క రోజు తప్పలేదు. ఎంత స్నేహమో అని చుట్టుపక్కల దుకాణాలవాళ్లు ముచ్చటపడేవారు.

మొన్న జూన్‌లో రాధ తన తెల్ల టర్బో కారుతో వచ్చింది. రాజమండ్రి మనిషి, రైల్వేలో సిగ్నళ్ల ఇంజనీరు.

"రోజూ హైవే మీద వల్సాడ్ దాకా వెళ్లి రావాలి సదానందం గారూ. లారీని దాటబోతుంటే సగంలో కారుకి ఊపిరి ఆగినట్టవుతుంది. వెనక నుంచి ఇంకో బండి తరుముకొస్తుంటే నా పై ప్రాణాలు పైకే పోతున్నాయి. దీని బలం పెంచాలి, కానీ ఇంజన్‌కి ఏమీ కాకూడదు" అంది. ఎవరో తెలిసినాయన ఇచ్చాడని పెన్‌డ్రైవ్ కూడా తీసింది. అందులో ఉన్న ప్రోగ్రాం కారు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే ముప్పై అయిదు గుర్రాల బలం పెరుగుతుందట.

సదానందం ఆ పెన్‌డ్రైవ్‌ను తేలును చూసినట్టు చూశాడు.

"ఏ బండికి రాసిన్రో, ఏ పెట్రోలుకు రాసిన్రో ఎవనికి ఎరుక మేడం? అది జేబుల వెట్టుకోండ్రి. ముందుగాల గీ బండికి ఎవలెవలు చెయ్యి వెట్టిన్రో జెప్పుండ్రి."

"ఎవరూ పెట్టలేదండీ. ఆర్నెల్ల కింద ఒక డాక్టరు గారి దగ్గర కొన్నాం. కంపెనీ సర్వీసు తప్ప ఇంకేం లేదు."

ఎవరూ చెయ్యి పెట్టలేదంటే సదానందం ఏనాడు నమ్మాడు గనక? ఇంజన్ వదిలే వేడి పొగతో తిరిగే చిన్న పంఖా టర్బో. అది గాలిని అదిమి ఇంజన్‌లోకి పంపుతుంది. ఎక్కువ గాలి, దానికి తగ్గ పెట్రోలు, దాంతో ఎక్కువ బలం. లెక్క ఇంత సులువు కాబట్టే కుర్రాళ్లు ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో అంకెలు మార్చేసి ఇంజన్లు పేల్చుకుంటున్నారని అతని బాధ. బలం పెంచేముందు ఇప్పుడున్న బలం సరిగ్గా ఉందో లేదో చూడాలంటాడు.

ల్యాప్‌టాప్ తగిలించి, రాధ నడుపుతుంటే పక్కన కూర్చుని మూడో గేరులో అంకెలు చూశాడు. కంప్యూటర్ అడిగినంత గాలి ఇంజన్‌కు అందడం లేదు. ఆ లోటు పూడ్చడానికి టర్బో ఉండాల్సిన దానికంటే గట్టిగా తిరుగుతోంది. ఇలాంటి బండికి పైనుంచి ఇంకా బలం అడిగే ప్రోగ్రాం ఎక్కిస్తే టర్బో ముక్కలైపోతుంది.

గ్యారేజీకి తిరిగొచ్చి గాలి గొట్టాల్లోకి పొగ ఎక్కించి చూశాడు. బంపరు వెనక, అడుగున, ఒక రబ్బరు గొట్టం మెడ దగ్గర సన్నగా పొగ బయటికొచ్చింది. టార్చి వేశాడు. ఆ మెడకు బిగించిన క్లాంపు కంపెనీది కాదు. ఏ దుకాణంలోనైనా దొరికే మామూలుది. దాని స్క్రూ తల మీద స్క్రూడ్రైవర్ జారిన గీతలు.

"ఎవరూ చెయ్యి వెట్టలేదంటిరి?" అన్నాడు.

రాధ ముఖం మాడింది. తనతో వచ్చి వెనక సీట్లో కూర్చున్న కొడుకు వైపు చూసింది. వెంకీకి ఇరవై ఏళ్లు. కాలేజీ నుంచి రాగానే ఫోన్‌లో కార్ల వీడియోలు చూడటమే పని.

"ఫిల్టర్ మూత ఒక్కటే తీశా అంకుల్, సాఫ్ కర్నే కే లియే" అన్నాడు వెంకీ తడబడుతూ. "ఆ కింది పైపు నేను ముట్టలేదు. సచ్చీ."

ఆ తడబాటు చాలు సదానందానికి. "ఫిల్టర్ విప్పిన చెయ్యి గాడ్నే ఆగుతదా మేడం? గీ వయసు పోరగాండ్లను నేను మస్తుమందిని జూసిన. హైవే మీద నడుమ ఊపిరి వోయేది గిందుకే. జర అటీటయితే మీ పానం మీదికి వచ్చేది."

ప్రాణం మాట వినేసరికి రాధ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మొహం మీదే అబద్ధం చెబుతావట్రా?" అని అక్కడే, నలుగురి ముందు, కొడుకు దగ్గరున్న బైకు తాళం లాగేసుకుంది. కారు గ్యారేజీలో వదిలేసి తల్లి ఆటో ఎక్కితే, వెంకీ ఎక్కకుండా నడిచి వెళ్లిపోయాడు. లస్మయ్య స్టూలు మీద నుంచి ఇదంతా చూసి, చాయ్ గ్లాసు కింద పెట్టి, "పోరడు అబద్ధమాడినట్టు లేడు తమ్మీ" అన్నాడు. సదానందం వినిపించుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం బంపరు విప్పి ఆ క్లాంపు బయటికి తీశాడు. నూనె, దుమ్ము కలిసి గట్టిగా అంటుకున్న మడ్డిని గుడ్డతో తుడుస్తుంటే వేలికి ఏదో ముడి తగిలింది. మడ్డి కింద దారం. ఇంకాస్త తుడిస్తే ఎరుపు రంగు బయటపడింది. రెండు చుట్లు, పైన అడ్డముడి. ఆ ముడి సూరత్ మొత్తంలో అతనొక్కడే వేస్తాడు.

అప్పుడు గుర్తొచ్చింది. నిరుడు ఎండాకాలంలో ఒక డాక్టరు గారి డ్రైవరు తెల్ల కారు తెచ్చాడు. గొట్టం చిరిగితే సదానందమే కొత్తది వేసి క్లాంపు బిగించాడు. కొత్త రబ్బరు వేడికి సర్దుకుంటుంది కాబట్టి అయిదు వందల కిలోమీటర్లు తిరిగాక తీసుకురా, మళ్లీ బిగిస్తానని చెప్పి దారం కట్టాడు. డ్రైవరు రాలేదు. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. ఆ వారం పనుల్లో పడి చేయలేదు. సూరత్‌లో తెల్ల కార్లకు కొదవా? అదే కారు మరొకరి చేతుల్లో తిరిగొస్తే గుర్తుపట్టలేదు. మిగతా అందరినీ అనుమానించిన మనిషికి తన చెయ్యి మీద అనుమానమే రాలేదు.

సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. వెంటనే భయం కూడా వేసింది. గ్యారేజీ నిలబడిందే సదానందం చెయ్యి పడితే తిరుగుండదన్న మాట మీద. ఈ దారాన్ని చూసింది తనొక్కడే. బ్లేడుతో ఒక్క గాటు పెట్టి జేబులో వేసుకుంటే, తప్పు కుర్రాడి మీదే ఉండిపోతుంది. రాధ నమ్మేసింది కూడా. బ్లేడు తీసి దారం కిందికి పోనిచ్చాడు.

తల ఎత్తితే ఎదురుగా లస్మయ్య. నాలుగయిందని కూడా తెలియలేదు. స్టూలు మీద కూర్చుని, ఎప్పటిలాగే, అతని చేతులనే చూస్తున్నాడు.

సదానందం బ్లేడు పక్కన పెట్టేశాడు. రాధకు ఫోన్ చేసి కొడుకును కూడా తీసుకురమ్మన్నాడు.

వాళ్లు వచ్చాక నిలబడే చెప్పాడు. కూర్చుంటే మాట తప్పించుకుంటాడని అతనికే అనుమానం. "తప్పు నాది మేడం. గీ క్లాంపు నేనే బిగించిన, నేనే మళ్ల జూడలే. ఇగో నా దారం. బాబూ, నిన్న నీ మాట వినకుంట నిన్ను బద్నాం జేసిన. మనసుల వెట్టుకోకు" అని క్లాంపును దారంతో సహా వెంకీ చేతిలో పెట్టాడు.

వెంకీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మమ్మీ, దేఖో" అన్నాడు, అంతే. రాధ బైకు తాళం తీసి కొడుకు చేతిలో పెట్టింది. సదానందంతో మాత్రం, "మీరు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు కదా" అంది. అది మెప్పో నిష్ఠూరమో అతనికి అర్థం కాలేదు.

తరవాతి నాలుగు రోజులూ పని వెంకీ కళ్ల ముందే జరిగింది. కొత్త క్లాంపు పడింది. ప్లగ్గులు మారాయి. బలం పెరిగితే ఆపే శక్తి కూడా పెరగాలని బ్రేకు ప్యాడ్లు, టైర్లు చూశారు. మంచి రకం పెట్రోలు పోయించారు. అప్పుడు గానీ ఆ కారు కోసమే రాయించిన ప్రోగ్రాం ఎక్కించలేదు. అదీ ఒకేసారి కాదు, ముందు సగం. పల్సానా దాకా నడిపి, ఇంజన్ లోపల పెట్రోలు ముందే పేలుతున్న జాడేమైనా ఉందా అని అంకెలు చూసి, లేదని తేలాక మిగతా సగం ఎక్కించారు. మొత్తం పెరిగింది పద్దెనిమిది గుర్రాల బలం. ముప్పై అయిదు కావాలన్న రాధ పద్దెనిమిదికే లారీని దాటి, దాటిన తరవాత కూడా నవ్వుతూనే ఉంది. ఆఖర్న వేడి చల్లారాక క్లాంపు మళ్లీ బిగించే పని సదానందం వెంకీకే అప్పగించాడు.

వాళ్లు కారు తీసుకుని వెళ్లాక గ్యారేజీలో ఇద్దరే మిగిలారు. లస్మయ్య చాయ్ చల్లారిపోతున్నా ముట్టలేదు.

"అన్నా, నీకొకటి జెప్పాలె" అన్నాడు సదానందం. "ఆ సాంచ..."

కార్ఖానాలో ఆ సాంచ నడిపేది లస్మయ్యే. ఎక్కువ బట్ట దిగాలని సేఠ్ చెబితే, సదానందం మోటారు చక్రం మార్చి దాని వేగం పెంచాడు. పోగును అటూ ఇటూ మోసే నాడె దూసుకొచ్చి ఆగేచోట తోలుపట్టా ఉంటుంది. అది అరిగి ఉందని అప్పుడే చూశాడు. దీపావళి బంద్‌లో మారుద్దామని ఎర్రదారం కట్టి వెళ్లిపోయాడు. మూడో రోజు నాడె ఎగిరొచ్చి లస్మయ్య కంట్లో గుచ్చుకుంది. సాంచలన్నాక నాడె ఎగురుతుందని సేఠ్ అన్నాడు, అందరూ అన్నారు. ఆ గందరగోళంలో సదానందం దారం కోసి జేబులో వేసుకున్నాడు.

"తోలుకు దారం గట్టినవ్. నాకెరుకే" అన్నాడు లస్మయ్య.

సదానందం తల ఎత్తి అతని వైపు చూశాడు.

"నూనె వోసేటప్పుడు జూసిన. మాస్టర్ కంట్ల వడ్డదిగదా, ఆయినె జూసుకుంటడని సాంచ నడిపిన. నేను నిన్ను నమ్మిన తమ్మీ." చల్లారిన చాయ్ తీసుకుని ఒక గుక్క తాగాడు. "దవాఖాన్ల కెల్లి వచ్చి జూస్తే దారం లేదు. ఎవలు కోసిన్రో అప్పుడే సమజైంది. నీ నోటితోని ఎప్పుడు జెప్తవా అని రోజు గీడికి వచ్చి కూసుంటున్న. మొన్న బ్లేడు వట్టుకున్నవ్ సూడు, గా దినం నువ్వు కోస్తే మళ్ల వచ్చేది లేకుండె."

సదానందం నేల మీదే చతికిలబడ్డాడు. ఏడ్చాడు. లస్మయ్య ఊరడించలేదు, లేచి వెళ్లనూ లేదు. డ్యూటీ వేళయ్యేదాకా అలాగే కూర్చుని, ఖాళీ గ్లాసు స్టూలు మీద పెట్టి చెప్పులు తొడుక్కున్నాడు.

"అన్నా, రేపు రావా ఇగ?" అని అడిగాడు సదానందం.

లస్మయ్య గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"వస్త. రేపటి సంది ఉత్త చాయ్ కోసమే వస్త."