నాన్న చార్జిలో రేకు తొట్టి

ఆ రోజుల్లో శాస్త్రవేత్త అనిపించుకోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక తెల్లకోటు, జేబులో రెండు రంగుల పెన్నులు, ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే "మీకు చెప్పినా అర్థం కాదులెండి" అనే చిన్న నవ్వు ఉంటే సరిపోయేది. కోటు మా సీనియర్ వదిలేసి పోయినది, పెన్నులు మా మామయ్య ఇచ్చినవి, ఆ నవ్వు మాత్రం నా సొంతం. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా ఉపరితల రసాయన శాస్త్రంలో పనిచేశాను. నీటి పైపొర మీద, నూనె పైపొర మీద ఏం జరుగుతుందో చూసే శాస్త్రం అది. (లోతుకి దిగకుండా పైపైన బతికేయడానికి ఇంతకంటే మంచి చదువు లేదని మా ఆవిడ అభిప్రాయం.) వ్యాసాలు రాశాను, వాటిని నలుగురూ తమ వ్యాసాల్లో పేర్కొన్నారు, సభల్లో దండలు వేశారు. దండ మెడలో పడ్డప్పుడల్లా నాకు రాయ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ పెరడు, అందులోని రెండు రేకు తొట్లు గుర్తొచ్చి చెవులు వేడెక్కేవి. పక్కవాళ్ళు అది ఆనందం అనుకునేవారు.

మాది శ్రీకాకుళం వైపు. నాన్న గూడ్సు బళ్ళ గార్డు కావడంతో రాయ్‌పూర్‌లో గుఢియారీ బస్తీ పక్కన, పట్టాల చప్పుడుకి గిన్నెలు కదిలే క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. నాన్నకి గర్వించే విషయం ఒకటే ఉండేది. తన చార్జిలోకి వచ్చిన సరుకు ఎక్కడ ఎలా ఎక్కిందో అక్కడికి అలాగే చేరుతుంది. సర్వీసులో ఒక్క చార్జిషీటు లేదు. నన్ను కూడా గూడ్సు ఆఫీసులో గుమస్తాగా చూసుకోవాలని ఆయన కోరిక. నేను రీసెర్చి అంటూ కాళ్ళు చాపాను. "ఈ యేడు సూద్దాం, ఆ స్కాలర్‌షిప్పు మల్లీ ఇస్తే సదువుకో, లేదంటే దరకాస్తు ఎట్టీ" అని తేల్చేశాడు. అంటే నా బతుకు ప్రయోగశాలలోనా, పార్శిల్ మూటల మధ్యనా అన్నది ఆ వేసవితో తేలిపోవాలి.

మా ప్రొఫెసర్‌ని పిల్లలందరూ బుల్‌బులా సర్ అనేవారు, ఎప్పుడు చూసినా సబ్బు బుడగలతో ఆడుతుంటాడని. ఎండాకాలంలో చెరువులు ఆవిరై పోకుండా ఆపాలని ఆయన తపన. మైనం పలుకుల్లాంటి ఒక తెల్లటి పదార్థం ఉంది. దాన్ని నీటిమీద చల్లితే కంటికి కనపడనంత పల్చటి పొరగా పరుచుకుని ఆవిరిని కొంతవరకు అడ్డుకుంటుంది. ముందు తొట్టిలో చూసి, తర్వాత తెలీబంధా చెరువు మీద చల్లాలని ఆయన పథకం. సెలవులకి కాలేజీకి తాళం పడింది కనుక తొట్లు మా పెరట్లోకి వచ్చాయి. ఒకదానిలో మందు చల్లిన నీళ్ళు, రెండోదానిలో మామూలు నీళ్ళు, రెండింటికీ లోపల ఒకే ఎత్తున మట్టం గీత. రోజూ రెండింటి మట్టం చూసి రాసుకోవడమే నా పని. వేసవి చివర్లో కలకత్తా నుంచి పేరున్న శాస్త్రవేత్త, ఒక పెద్దాయన వచ్చి చూస్తారు. ఆయన సరేనంటేనే స్కాలర్‌షిప్పు.

తొట్లు దించిన రోజున నాన్న రెస్టులో ఉన్నాడు. చుట్టూ తిరిగి చూసి, "ఏట్రా ఇది? ఏటి సేస్తాది?" అని అడిగాడు. ఆయన అడిగాడు, నిజంగా అడిగాడు. నేను నా సొంత నవ్వు ఒకటి నవ్వి, "నీకు చెప్పినా అర్థం కాదులే నాన్నా. ఈ మందు తొట్టిలో నీళ్ళు తగ్గకూడదు, అంతే. తగ్గితే నా పని ఆఖరు. నేను లేనప్పుడు కాస్త చూస్తూ ఉండు, నీ చార్జిలో పెడుతున్నాను" అన్నాను. కాకులూ కుక్కలూ మూతి పెట్టకుండా చూడమని నా ఉద్దేశం. నాన్న మాత్రం చార్జి అన్న మాట వినగానే నిటారుగా నిలబడి, తొట్టి అంచు తడిమి చూసి, "సరే, నీకెందుకు, పో" అన్నాడు.

ఇక చూడండి ఫలితాలు! మామూలు తొట్టిలో నీళ్ళు దబదబా దిగిపోతున్నాయి. మందు తొట్టిలో చుక్క తగ్గలేదు. బుల్‌బులా సర్ ఏదో కొంత తగ్గుదల ఆగితే చాలనుకున్న మనిషి. ఆయన మట్టాలు చూసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఇంతలో ఇంకో వింత. ఒకరోజు మందు తొట్టిలో నీళ్ళు కాస్త పెరిగాయి! బుద్ధి ఉన్నవాడెవడైనా అక్కడ ఆగి, నీళ్ళెలా పెరుగుతాయని ఇంట్లోవాళ్ళని అడుగుతాడు. నేను అడగలేదు. అరుగు మీద కూర్చుని ఒక సిద్ధాంతం రాశాను. ఈ పొర ఆవిరిని ఆపడమే కాదు, గాలిలోని తేమని లోపలికి పీల్చుకుంటుంది అని. (మే నెల రాయ్‌పూర్‌లో గాలిలో తేమట! అమ్మ వడియాలు పెట్టి లోపలికెళ్ళి వచ్చేలోగా గలగలమనేవి.) ఆ వింతకి నా ఇంటిపేరు తగిలించి, కాగితం మీద అందంగా రాసి చూసుకున్నాను కూడా. అమ్మ వచ్చి, "ఏటి బాబూ, ఆ తొట్టికాడే కూకుంటావేటి? అన్నం సల్లారిపోతంది" అంటే, చరిత్ర జరుగుతున్న చోట అన్నమేమిటని విసుక్కున్నాను.

కలకత్తా పెద్దాయన వచ్చిన రోజు పెరడంతా అలికి పెట్టింది అమ్మ. పక్కింటి భాభీ గోడ మీదుగా చూస్తోంది. పెద్దాయన నా వ్యాసం చదువుతూ, తేమ పీల్చుకోవడం దగ్గర కనుబొమలు పైకెత్తి, ఆకాశంకేసి చూసి, మళ్ళీ చదివాడు. నేను గొంతు సవరించుకుని సిద్ధాంతం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే నాన్న డ్యూటీ దిగి, తెల్ల యూనిఫారంతోనే పెరట్లోకి వచ్చాడు. అతిథులకి నమస్కారం పెట్టాడు. మందు తొట్టిలోకి తొంగి చూశాడు. ఆ ముఖంలో చిన్న అసంతృప్తి కనిపించింది. లోటా తీసుకుని, మామూలు తొట్టిలో ముంచి, మందు తొట్టిలో పోసి, గీత దగ్గరికి వచ్చిందో లేదో వంగి చూసి, పెద్దాయనతో వినయంగా అన్నాడు. "గర్మీ బహుత్ హై సాబ్. థోడా కమ్ హో గయా థా. అభీ బరాబర్." ఎండ ఎక్కువ కదా, కాస్త తగ్గింది, ఇప్పుడు సరిపోయింది అని.

 పెద్దాయన లోటాకేసి చూసి అడిగాడు, "రోజ్ డాల్తే హై?" రోజూ పోస్తారా అని.

"రోజ్, సాబ్. నేను లైన్ మీదకి పోతే వీల్ల అమ్మ పోస్తాది" అని సగం హిందీలో, సగం తెలుగులో చెప్పాడు నాన్న. ఎంత పోస్తారంటే, "ఎండని బట్టి సాబ్. ఏక్ లోటా, దో లోటా." మరి పక్క తొట్టిలోంచే ఎందుకంటే, "కుళాయి పానీ ఈ దినాల్లో ఎందుకు వేస్ట్ సెయ్యాల? ఆ తొట్టి ఊరికే ఉంది గదా."

పెద్దాయన నులకమంచం మీద కూలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. బుల్‌బులా సర్ నవ్వలేదు. నా వ్యాసాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.  అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే తొట్టి సిగ్గు అసలు సిగ్గే కాదనిపిస్తుంది. ఇంగ్లీషులో, ఎందుకంటే నాన్నకి తెలియదని ధైర్యం, "ఎక్స్‌క్యూజ్ హిమ్ సర్, హీ ఈజ్ అన్ఎడ్యుకేటెడ్" అన్నాను. బండి ఎక్కినప్పటి నుంచి దిగేదాకా ఇంగ్లీషులో రిపోర్టు రాసే మనిషి ఆయన. లోటా తొట్టి పక్కన చప్పుడు కాకుండా పెట్టి, టోపీ తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.  ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవకాయ జాడీ నా వైపు జరిపాడు.

తర్వాతి వారం నేను ప్రయోగశాలలో సీసాల బీరువా వెనక గాజు గొట్టాలు కడుగుతున్నాను. తలుపు దగ్గర బూట్ల చప్పుడు వినిపించింది. తొంగి చూస్తే నాన్న. ఇస్త్రీ చేసిన యూనిఫారం, చంకలో టోపీ, పై అధికారి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు బుల్‌బులా సర్ ముందు. "సాబ్, తొట్టి మేరే చార్జ్ మే థా. గల్తీ మేరా హై. ఏం యాక్షన్ తీసుకున్నా నా మీద తీసుకోండి. చార్జిషీట్ ముఝే దీజియే. లడ్కా కో మత్ రోకియే." తప్పు నాది, పిల్లాణ్ణి ఆపకండి అని.

చార్జిషీటు లేని సర్వీసని ఊరంతా చెప్పుకున్న మనిషి, ఒకటి ఇమ్మని అడుగుతున్నాడు. నేను వెంటనే బయటికి వెళ్ళి, తప్పు ఆయనది కాదు సర్, ఆయన అడిగితే చెప్పని నాది, అని ఉండాల్సింది. తడి గొట్టం చేత్తో పట్టుకుని బీరువా వెనకే నిలబడిపోయాను. 

బుల్‌బులా సర్ లేచి ఆయనకి కుర్చీ వేశాడు. "బైఠియే గార్డ్ సాబ్. స్కాలర్‌షిప్పు మీద ఎప్పుడో సంతకం అయిపోయింది. మే నెలలో నీళ్ళు పెరుగుతుంటే ఎందుకని అడగని కుర్రాడు ఇంకా చాలా నేర్చుకోవాలి, తప్పకుండా ఉంచుకోండి అని ఆ పెద్దాయనే రాసిచ్చాడు" అన్నాడు. టీ తెప్పించాడు. తర్వాత ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి, పైన పౌడరు చల్లి, సబ్బు తగిలించిన వేలితో మధ్యలో ముట్టుకోమన్నాడు. నాన్న ముట్టుకోగానే పౌడరంతా అంచులకి పరుగెత్తింది. "అరే! ఏటిది!" అన్నాడు నాన్న. నీటికి పైన లాగి పట్టిన చర్మం లాంటిది ఉంటుందనీ, సబ్బు తగిలినచోట అది వదులైపోతుందనీ, మిగతా నీరు పౌడర్ని తనవైపు లాక్కుంటుందనీ, తొట్టిలో మందు కూడా అలాంటి పైపొరేననీ సర్ చెప్పాడు. టీ చల్లారేలోగా నాన్నకి అంతా అర్థమైంది. నేను వేసవి అంతా అర్థం కాదన్నది అదే.

ఆ సాయంత్రం నేను ఆలస్యంగా ఇల్లు చేరేసరికి మా పెరట్లో జనం. నాన్న బనీనుతో కూర్చుని, అమ్మ ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా పక్కన పెట్టుకుని, భోజనం పళ్ళెంలో ఆట చూపిస్తున్నాడు. పౌడరు పారిపోయినప్పుడల్లా ఆడవాళ్ళు "హాయ్ రే" అంటున్నారు. ("డబ్బా కాలీ సేసేసినారు మీ నాయన" అని అమ్మ నాతో విసుగ్గా అంది, చూపు మాత్రం పళ్ళెం మీంచి తిప్పలేదు.) తర్వాత నేను ఎన్నో ఊళ్ళలో, ఎన్నో భాషలవాళ్ళ ముందు ఇదే శాస్త్రం మీద మాట్లాడాను. అంత శ్రద్ధగా విన్న జనాన్ని మళ్ళీ ఎక్కడా చూడలేదు.

పక్కింటి భాభీ ముక్కు మీద వేలేసుకుని, "యే కిస్నే నికాలా, గార్డ్ సాబ్?" అని అడిగింది. ఇది కనిపెట్టిందెవరని.

నాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఔర్ కౌన్? హమారా లడ్కా" అని గుమ్మంలో నిలబడ్డ నన్ను చూపించాడు.

అందరూ నావైపు తిరిగారు. మా తాత పుట్టకముందు నుంచే లోకానికి ఇది తెలుసని చెప్పాలి. అంతకంటే ముందు నాన్నకి చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. నాన్న కళ్ళలోకి చూడలేక తల వంచుకున్నాను. ఇంత కనిపెట్టి కూడా ఎంత వినయమో అని భాభీ మెచ్చుకుంది.