సామర్లకోటలో దిగనివ్వలేదు

శామీర్‌పేట లైబ్రరీలో పుస్తకాలన్నీ తిరగేసినవాడినని మా ఊళ్లో చాలామంది నన్నే దారులు అడుగుతారు. అలా అడిగేవాళ్ల కోసమే ఇది రాసి పెడుతున్నాను.

ఊరికి తిరిగొస్తూ విశాఖపట్నంలో ఎక్కిన రైల్లో ఒక పెద్దామె నా పక్కన కూర్చుంది. కాకినాడ ఆసుపత్రిలో ఆమె కూతురికి పన్నెండింటికి ఆపరేషన్. అమ్మను చూశాకే లోపలికి వెళ్తానని ఆ అమ్మాయి పట్టుబట్టిందట. సామర్లకోటలో బండి ఆగగానే ఆమె సంచి తీసుకుని లేచింది.

"కూసో పెద్దమ్మా, కాకినాడ ఇంక రాలే," అన్నాను.

"అల్లుడు ఇక్కడే దిగి బస్సెక్కమన్నాడు బాబూ."

"కాకినాడకు స్టేషనుంటే బస్సెందుకు? నేను పటంల చూసిన."

ఆమె కూర్చుంది. బండి కదిలాక కాకినాడ ఎప్పుడొస్తుందని ఆమె అడిగితే ఎదుటి సీటాయన ఉలిక్కిపడ్డాడు.

"కాకినాడ లైను ఇక్కడే చీలిపోద్దండీ! ఈ బండి అటు వెళ్లదు. మళ్లీ ఆగేది రాజమండ్రిలోనే."

పెద్దామె కూతురికి ఫోన్ కలిపి నా చేతిలో పెట్టింది.

"నా గొంతు వింటే భయపడిపోద్ది. నువ్వైతే ధీమాగా చెప్తావు గదా, నువ్వే చెప్పు."

"మీ అమ్మ వస్తాంది చెల్లె," అన్నాను.

"ఎన్నింటికి?"

"నాకు తెల్వదు చెల్లె. తప్పు నాదే."

ఆమె సమయానికి చేరిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

రాజమండ్రిలో ఆమెను కాకినాడ బస్సు ఎక్కించిన పోర్టర్ సత్తిబాబుకు, ఇది రాయమన్న మా లైబ్రేరియన్ నర్సింహ సారుకు కృతజ్ఞతలు. ఆమె పేరు అడిగే ధైర్యం నాకు లేకపోయింది.