పంచాయతీ అంటే కూర్చోవడం

పెద్దమ్మ పోయింది. మొన్న శుక్రవారం మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా పెద్దనాన్న ఫోన్ చేశారు. "మీ పెద్దమ్మ పొయింది బిడ్డా" అన్నారు. ఆ వెంటనే, "బండి ఉరికియ్యకు, నిమ్మళంగ రా" అన్నారు. నేను వచ్చేసరికి వాకిలి నిండా చెప్పులు. భోంచేసి నడుం వాల్చిందట, మళ్లీ లేవలేదు.

ఆమె నాకు చుట్టం కాదు. మణికొండ పాత ఊళ్లో మేం కిరాయికి ఉంటున్న ఇంటి యజమానురాలు. కింద వాళ్లు, పైన మేము. గోదావరి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో నేను "ఏమండీ" అని పిలిస్తే ఆమె పలకలేదు. రెండోసారి పిలిచాక, "అండి గిండి వద్దు. పెద్దమ్మ అను, పలుకుత" అంది. ఆ రోజు నుంచి ఆమె పెద్దమ్మ, ఆమె భర్త పెద్దనాన్న.

మణికొండ ఇంకా గ్రామంగా ఉన్న రోజుల్లో ఆమె పంచాయతీలో వార్డు సభ్యురాలు. ఆ వార్డు ఆడవాళ్లకు కేటాయించారు కాబట్టి పెద్దనాన్న ఆమె పేరుతో నామినేషన్ వేయించారు. గెలిచాక పనంతా తానే చూసుకోవచ్చని ఆయన ఉద్దేశం. మొదటి సమావేశానికి ఇద్దరూ కలిసే వెళ్లారు. ఆమె కుర్చీలో ఆయన కూర్చున్నారు. మిగతాది ఆయనే నవ్వుతూ చెప్పేవారు: "నా పక్కకొచ్చి నిలవడ్డది. ఒక్క మాట అనలే. అందరు కూసున్నరు, ఈమె ఒక్కతే నిలవడ్డది. సర్పంచి సూస్తుండు, అందరు సూస్తున్నరు. ఇగ ఎంతసేపు కూసుంట? లేసి బయటికి పొయ్యి చాయ్ తాగిన."

మా వైపు పంచాయతీ అంటే ఇంటి పన్ను కట్టే ఆఫీసు. ఇక్కడికి వచ్చాక, గొడవను పంచాయతీ అంటారని తెలిసింది. ఆఫీసులో మా మేనేజరు కూడా "ఈ పంచాయతీ మనకొద్దు" అంటాడు. నాకూ ఆ మాట అలవాటైపోయింది. ఒక సాయంత్రం మెట్లెక్కుతూ మా ఆయనతో ఫోన్‌లో "మా టీములో రోజూ ఇదే పంచాయతీ" అంటుంటే, కింద బియ్యం ఏరుతున్న పెద్దమ్మ తలెత్తింది.

"ఎవలెవలు కూసున్నరు?"

నాకు అర్థం కాలేదు. "ఎవరూ కూర్చోలేదు పెద్దమ్మా. గొడవలవుతున్నాయి."

"గొడవైతె గొడవ అను. పంచాయతి అంటె కూసునేది. కొట్లాట బందు జేసి కూసుంటరు సూడు, గదే పంచాయతి."

కోపంగా అనలేదు. కన్న బిడ్డ పేరును ఎవరో తప్పుగా పలికితే తల్లి సరిచేసినట్టు అంది. ఊరు మున్సిపాలిటీ అయ్యాక ఆమె పదవీ పోయింది, ఆ ఆఫీసు బోర్డూ మారింది. దానికి ఆమె పెద్దగా బాధపడినట్టు నేను చూడలేదు. ఆ మాటకు తగవు అనే అర్థం ఒక్కటే మిగిలిపోవడం మాత్రం ఆమెకు మింగుడుపడలేదు. పేపరు భాషతోనూ ఆమెకు పేచీ ఉండేది. పెద్దనాన్న పైకి చదువుతూ "పాలకవర్గం గడువు ముగిసింది" అనగానే, "పాలించిందేముంది? నల్లా రాకుంటె సూసినం, మురికి మోరి నిండితె తీపిచ్చినం" అనేది.

నేను ఆమె పంచాయతీని కళ్లారా చూసింది పోయిన ఎండాకాలం. మా గల్లీ చివర పెద్ద అపార్ట్‌మెంట్ ఉంది. దాని బోర్లు ఎండిపోయి నీళ్ల ట్యాంకర్లు మొదలయ్యాయి. ఆ బరువుకు గల్లీలో మంచినీళ్ల పైపు పగిలింది. బాగు చేసినా మళ్లీ పగిలింది. ఒకరోజు పొద్దున గల్లీ ఆడవాళ్లు బిందెలు అడ్డంపెట్టి ట్యాంకరును ఆపేశారు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ పోలీసులకు ఫోన్ చేస్తానన్నారు. డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. పెద్దమ్మ కొంగు దోపుకుంటూ వచ్చింది.

"హారన్ ఆపు బిడ్డా. మా ఇంట్ల పంచాయతి కూసుందాం, రాండ్రి."

"పంచాయతీలు ఎప్పుడో పోయాయండీ. ఇప్పుడున్నది మున్సిపాలిటీ" అన్నారు సెక్రటరీ.

"ఆఫీసు పొయింది సారు. కూసునుడు యాడికి పోతది?"

ఆయన వచ్చారు, అయిష్టంగానే. వాకిట్లో చాపలు పరిచాం. పెద్దమ్మ పెట్టిన షరతు ఒక్కటే. ఎవరూ ముందు తమ బాధ చెప్పకూడదు. "సారు, నీళ్ల పైపు పలిగితె గీ ఆడోళ్లకు ఏమైతదో మీరు చెప్పుండ్రి. మీ ఇండ్లల్ల ఏమైతదో వీళ్లు చెప్తరు."

సెక్రటరీ మొహం చిట్లించారు. "పొద్దున్నే పనికి వెళ్లేవాళ్లు... నీళ్లు పట్టుకోకుండా ఎలా వెళ్తారండీ" అని ఆగిపోయారు. గల్లీ వైపు నుంచి ఒకామె లేచింది. ఆమె ఆ అపార్ట్‌మెంట్‌లోనే వంట చేస్తుంది. "ఆరో అంతస్తుల ముసలమ్మ మంచంల ఉన్నది. నీళ్లు లేకుంటె ఆమెను కడిగేటందుకు కూడ లేదు" అంది. ఆ తర్వాత ఎవరి గొంతూ పెద్దగా లేవలేదు. పెద్ద ట్యాంకర్లు మాని చిన్నవి తెప్పించుకుంటామని, పైపు బాగు చేయించి మీద పలకలు వేయిస్తామని అపార్ట్‌మెంట్ వాళ్లు ఒప్పుకున్నారు. పైపు పని అయ్యేదాకా ట్యాంకరు నీళ్లలో గల్లీకీ వాటా. సెక్రటరీ వెళ్తూ వెళ్తూ, "ఇది చట్టప్రకారం ఏమీ చెల్లదండీ" అన్నారు. "చెల్లకుంటె మల్ల కూసుందాం సారు" అంది పెద్దమ్మ. మళ్లీ కూర్చోవాల్సిన అవసరం రాలేదు.

తగవులన్నీ ఆమె చేతిలో తెగాయని చెబితే అబద్ధమవుతుంది. భూముల ధరలు పెరిగాక సొంత మరిదే పొలం పంపకంపై కోర్టుకు వెళ్లాడు. ఎన్నిసార్లు కబురు పెట్టినా వచ్చి కూర్చోలేదు. నాతో ఒక్కసారే ఆ సంగతి ఎత్తింది. "మంది ఇండ్లల్ల తెంపిన. నా ఇంట్ల తెగలే" అని, చేతిలో ఉన్న చిక్కుడుకాయ ఈనె తీయడంలో పడిపోయింది. శుక్రవారం సాయంత్రం ఆ మరిది వచ్చాడు. ఆమె కాళ్ల దగ్గర తల పెట్టుకుని "వదినా" అని చాలాసేపు ఏడ్చాడు. కేసు ఏమవుతుందో నాకు తెలియదు.

మర్నాడు పొద్దున తీసుకెళ్లాం. శ్మశానానికి దారి పెద్ద రోడ్డు మీదుగానే. ముందు డప్పులు, తర్వాత పాడె, వెనక గల్లీ జనం, ఆ వెనక అపార్ట్‌మెంట్ వాళ్లు, వాళ్లలో సెక్రటరీ కూడా. ఆఫీసు క్యాబులు వెనక బారులు తీరి నెమ్మదిగా వచ్చాయి, ఒక్కరూ హారన్ కొట్టలేదు. రోడ్డు మలుపులో ఒక కొత్త అద్దాల భవనం ఉంది, లోపల ఇంకా ఎవరూ చేరలేదు. దాని ముందుకు వచ్చేసరికి డప్పుల చప్పుడు ఆ అద్దాలకు తగిలి తిరిగి వచ్చింది. తల తిప్పి చూశాను. బంతిపూల మధ్య పసుపు రాసిన పెద్దమ్మ ముఖం ఆ అద్దాల్లో ఒక పలక నుంచి ఇంకో పలకకు మెల్లగా సాగిపోతోంది. చివరి పలక దాటాక అందులో తెల్లటి ఆకాశం మాత్రమే మిగిలింది.